ఎద్దు, ఏరు, మోటారు గీసిన పొలాలు

ఎకరమంటే 4840 చదరపు గజాలని పొలం కొన్నవాళ్లకూ అమ్మినవాళ్లకూ కంఠతా వచ్చు. లెక్కకు సులువుగా 5000 పెట్టుకోక ఈ 4840 ఏమిటి? జవాబు మధ్యయుగపు ఇంగ్లండు దుక్కిలో ఉంది.

అక్కడి బరువైన బంకనేలకు మట్టిని ఒకపక్కకు తిరగేసే పెద్ద నాగలి కావాలి. దానికి ఒక్కోసారి 8 ఎద్దుల దాకా కట్టేవారు. రెండెద్దుల అరకను చేను చివర చటుక్కున తిప్పుకోవచ్చు. నాలుగు జతల్ని తిప్పడం తేలికా? అందుకే మలుపులు తగ్గేలా సాలు పొడుగు పెంచారు. ఎద్దులు ఒక్క బిగిన లాగగల దూరమని చెప్పే 220 గజాలు పొడవు, 22 గజాలు వెడల్పు. గుణించి చూడండి, ఎకరం వస్తుంది. 17వ శతాబ్దంలో ఎడ్మండ్ గంటర్ చేసిన సర్వే గొలుసు పొడవూ ఆ 22 గజాలే. తెలంగాణలో ఎకరానికి 40 గుంటలు కదా. గుంట 121 చదరపు గజాలు, అంటే భుజం 11 గజాలు, సరిగ్గా సగం గొలుసు!

అంత పెద్ద జట్టు చివరిదాకా వచ్చాక తిరగలేదు, ముందునుంచే పక్కకు ఒరగాలి. తరతరాలు అలా దున్నడంతో సాళ్లు రెండు కొసల్లోనూ ఎదురెదురు దిక్కులకు వంగిపోయాయి. లెస్టర్‌షైర్, నార్తాంప్టన్‌షైర్ పచ్చికబయళ్ల మీద సాయంత్రపు ఏటవాలు ఎండ పడితే ఆ వంపులు ఇప్పటికీ కనిపిస్తాయి.

మన నాగలి తీరు వేరు. నేలను చీలుస్తుందే కాని తిరగేయదు. నిలువునా దున్నిన చేనును మళ్లీ అడ్డంగా దున్నాలి. సన్నటి పట్టీలో అది కుదరదు కాబట్టి చేను చదరానికి దగ్గరగా ఉంటేనే వీలు. మధ్యధరా తీరంలోని పాతకాలపు పొలాలకూ చరిత్రకారులు ఈ కారణమే చెబుతారు.

వరి దగ్గరకొస్తే పెత్తనమంతా నీటిది. మడి అంతటా నీరు ఒకే లోతున నిలవాలి గనుక గట్టు వాలును బట్టి వంకర తిరుగుతుంది. ఫిలిప్పీన్స్‌లోని ఇఫుగావో కొండల మీదైనా మన అరకులోనైనా మడులు మెట్లుమెట్లుగా దిగేది అందుకే.

కెనడాలోని క్విబెక్‌లో సెయింట్ లారెన్స్ నదే ఒకప్పుడు రహదారి. ప్రతి కుటుంబానికీ ఏటి ఒడ్డు కావాలి. కాబట్టి వెడల్పుకు పదింతల పొడవున్న పట్టీలుగా నేల పంచారు. వారసులు కూడా పొడుగునా చీల్చుకునేసరికి పట్టీలు ఇంకా సన్నబడ్డాయి.

అమెరికాలో మాత్రం పొలాన్ని గీసింది చట్టం. 1785 నాటి ఆర్డినెన్సు ప్రకారం వాగూ వంకా చూడకుండా మైలు చదరాలుగా, అంటే 640 ఎకరాల ముక్కలుగా కొలిచేశారు. అందులో నాలుగో వంతు 160 ఎకరాలు. ఆ చదరాల మధ్యనే ఇప్పుడు కాన్సాస్‌లో వేలకొద్దీ పచ్చటి వృత్తాలు కనిపిస్తాయి. కొలరాడో రైతు ఫ్రాంక్ జైబాక్ 1952లో పేటెంటు పొందిన యంత్రం చలవ అది. మధ్యలో నీటి మూలం, అక్కడినుంచి చక్రాల టవర్ల మీద సుమారు పావు మైలు గొట్టం. గడియారం ముల్లులా అది చుట్టూ తిరుగుతూ నీళ్లు చిమ్ముతుంది. బయటి కొసన ఉన్న నాజిల్ ఎక్కువ నేలను తడపాలి కాబట్టి లోపలి వాటికంటే ఎక్కువ నీరు వదులుతుంది.

160 ఎకరాల చదరంలో వృత్తం పట్టేది దాదాపు 126 ఎకరాలే. నాలుగు మూలల్లోని 34 ఎకరాలకు ఆ నీరందదు. అయినా కూలి ఖర్చు తగ్గుతుందని, ఎగుడుదిగుడు నేలనూ తడపవచ్చని రైతులు దాన్నే ఎంచుకున్నారు. నాకు దిగులు కలిగించేది మూలల నష్టం కాదు, కింది నీటి సంగతి. ఆ నీరు ఓగల్లాలా భూగర్భ జలాశయానిది. వాన దాన్ని చాలా నెమ్మదిగా నింపుతుంది. నైరుతి కాన్సాస్‌లో కొన్నిచోట్ల నీటిమట్టం 100 అడుగులకు మించి పడిపోయింది. బావిలో జోరు తగ్గినచోట వృత్తంలో కొంత భాగానికే నీరు పెట్టి, మిగతా నేలలో వర్షాధార పంట వేస్తున్నారు.

ఫోన్‌లో శాటిలైట్ మ్యాప్ తెరిచి కాన్సాస్‌లోని గార్డెన్ సిటీ చుట్టుపక్కల చూడండి. ఆ తర్వాత మీ ఊరి పొలాల మీదికి రండి. ఏ గట్టు ఎక్కడ, ఎందుకు వంగిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగి రాసి పెట్టుకోండి.