నెల్లూరు సీమలో ప్రార్థనాలయములు - నిర్మాణ విచారము

ఇంగ్లండు పల్లెలలోని చర్చిని మనస్సునందుంచుకొని నెల్లూరు తీరపు బాప్తిస్టు ప్రార్థనాలయములను పరిశీలించువారికి కొంత ఆశాభంగము కలుగుట సహజము. ఈ భేదమునకు పేదరికమొక్కటే కారణమని చెప్పుట చాలదని మా అభిప్రాయము.

ఇంగ్లండులోని గ్రామాలయము సామాన్యముగా తూర్పు పడమరలుగా సాగియుండును. తరచుగా పడమట గంటగోపురము, ద్వారముచెంత బాప్తిస్మపు రాతితొట్టి, నడుమ ప్రజలు కూర్చుండు దీర్ఘశాల, తూర్పున గురువుల స్థానము, దాని కొసను పీఠము. మన ఆలయములందలి ముఖమండపమును, గర్భగృహమును తలచుకొన్నచో ఈ క్రమము సులభముగా బోధపడును. ఆ దీర్ఘశాలకు ఇంగ్లీషులో వాడు పేరు, ఓడ యను అర్థముగల లాటిను పదమునుండి పుట్టినదందురు. తొట్టి వాకిటికడ నుండుట అలంకారము కాదు, బాప్తిస్మమే సంఘప్రవేశము. ఆ పొలిమేరలో పుట్టిన శిశువు ఆ గుడికి చెందినవాడే. అయినను లోపల భూస్వాముల యాసనములు వేరు, కూలివాండ్ర బల్లలు వేరుగా నుండెడివి.

1840లో నెల్లూరు చేరిన శామ్యూల్ డే అమెరికా బాప్తిస్టు. శిశు బాప్తిస్మము వీరికి సమ్మతము కాదు. విశ్వసించిన వారిని నీట ముంచుటయే వీరి యాచారము. కావున రాతితొట్టికి పని లేదు. చెరువో, యేరో కావలెను. పీఠమునకు మారుగ ప్రసంగవేదిక ప్రధానమయ్యెను.

1866లో జాన్ క్లౌ ఒంగోలు చేరెను. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలోనిది. 1904లో గుంటూరు జిల్లాలోనికి, 1970లో నేటి ప్రకాశము జిల్లాలోనికి పోయినది. తోళ్ల వర్తకుడగు యెర్రగుంట్ల పేరయ్య మొదలగు మాదిగలు సంఘమున చేరసాగిరి. వీరిని చేర్చుకొన్నచో తాము రామని, అంతవరకు ఆసక్తి చూపిన పై కులములవారు పలికిరి. క్లౌ మాదిగలను విడువలేదు. కట్టడముల చరిత్రలో ఈ నిర్ణయమే మాకు ముఖ్యముగా తోచుచున్నది. ఇంగ్లండు గుడి ఊరిలోని వారందరిదిగా వెలసినది. ఇక్కడి ప్రార్థనాలయము తరచుగా ఊరికి వెలుపల, మాదిగపల్లెలో వెలసినది. మట్టిగోడలు, తాటాకు కప్పు. వారము దినములు బడి, ఆదివారము ఆరాధన. అక్షరమునకు దూరముగా నుంచబడిన బిడ్డకు అదియే తొలి పాఠశాల.

1876-78 కరవులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ త్రవ్వకములో మూడు మైళ్లకు మించిన భాగమును గుత్తకు తీసికొని వేలమందికి కూలి కల్పించెను. పూర్వము అమెరికాలో భూమి కొలతల పని చేసియుండుటచే ఈ పని ఆయనకు క్రొత్త కాదు. తిండికై మతము మారిరను నింద రాకుండుటకై ఆ కాలమున బాప్తిస్మములు నిలిపివేసెను. తరువాత 1878 జూలై 3వ తేదీని వెల్లంపల్లి కడ గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులవారీగా నీట నిలిచి ఈ కార్యమును నడపిరి. అంతమందికి సరిపడు తొట్టి యే కట్టడమునను ఉండదు గదా.

ఇటుక సున్నములతో కట్టిన బాప్తిస్టు మందిరములలో ఆ యేటికి ప్రతినిధిగా ఒక చిన్న కుండము నిర్మింతురు. అది వాకిటికడ గాక వేదికచెంత నుండును. వేదిక క్రిందనే యున్నచోట, అవసరమైననాడు పైపలకలు తొలగించి నీరు నింపుదురు.