ఎలుగుబంటికి ఏ పిస్టల్ మంచిది? సియాటిల్ నుంచి మా బావ అడిగిన ప్రశ్న

ఎప్పట్లానే జువ్వలదిన్నె నుంచే మాట్లాడుతున్నా. వెనకాల బోట్ల ఇంజిన్ల సౌండ్ వస్తే ఏమనుకోవద్దు.

మొన్న రాత్రి మా మేనత్త కొడుకు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాడు. సియాటిల్‌లో ఉంటాడు, హెచ్-1బీ. జూలైలో అక్కని, ఐదేళ్ల పాపని తీసుకుని మోంటానాలోని గ్లేసియర్ నేషనల్ పార్క్‌కి పోతున్నాడంట. "రేయ్, అక్కడ గ్రిజ్లీలు ఉంటాయి. ఆఫీసులో ఒకాయన 10 ఎంఎం గ్లాక్ కొనమంటున్నాడు, ఇంకొకాయన .44 మ్యాగ్నమ్ అంటున్నాడు. నువ్వు అన్నీ చదువుతుంటావు గదా, ఏది కొనాలో చెప్పు" అన్నాడు.

సముద్రం ఒడ్డున, సరుగుడు తోటల మధ్య పుట్టినోణ్ణి నేను. మాకు భయమంటే పాము, తుఫాను. నన్నడిగితే ఏం తెలుస్తుంది? కానీ అడిగింది బావ, పోయేది పాపతో. రెండు రోజులు కూర్చుని చదివాను. చదివాక ముందు చెప్పాల్సింది గన్ను పేరు కాదని అర్థమైంది.

"బావా, నువ్వసలు గన్ను పట్టుకోకూడదు" అన్నాను.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నాన్-ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ, తూటా గానీ కలిగి ఉండకూడదు. హెచ్-1బీ, హెచ్-4, ఎఫ్-1, అన్నీ ఇందులోకే వస్తాయి. కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడమే నేరం. స్నేహితుడి గన్ను ట్రిప్పుకి అరువు తెచ్చుకున్నా అంతే. 2022లో చట్టం మార్చాక దీనికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. దాని మీద, తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. మనవాళ్లు ఐ-797 కాగితాన్ని ఎంత భద్రంగా దాచుకుంటారో తెలుసు గదా. ఒక్క వారం ట్రిప్పు కోసం దాన్నంతా పణంగా పెట్టడమే ఇది.

ఒక మినహాయింపు ఉంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉంటే ఈ నిషేధం వర్తించదు. "ఆన్‌లైన్లో హంటింగ్ లైసెన్స్ తీసేస్కో, అయిపోద్ది" అని సలహాలిచ్చేవాళ్లు దీన్ని చూసే చెప్తారు. చట్టంలో ఉన్నమాట నిజమే. కానీ ఆ లైసెన్సు గడువు తీరిన రోజు ఇంట్లో గన్ను ఉంటే నువ్వు నేరస్తుడివే. ఇమిగ్రేషన్ లాయర్ని అడక్కుండా ఈ దారిలో పోవద్దని గట్టిగా చెప్పాను. గ్రీన్ కార్డు వచ్చినవాళ్లకి ఈ నిషేధం లేదు, వాళ్లు బ్యాక్‌గ్రౌండ్ చెక్ పాసై, తమ రాష్ట్ర చట్టం ప్రకారం కొనుక్కోవచ్చు.

అలా హక్కున్నవాళ్ల కోసం కూడా కాసేపు మాట్లాడుకుందాం. కామెంట్లలో మీరు ఎటూ అడుగుతారు.

2010 ఫిబ్రవరి 22 నుంచి అమెరికా నేషనల్ పార్కుల్లోకి, ఆ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటే, తుపాకీ తీసుకుపోవచ్చు. పార్కులో కాల్చడం మాత్రం వేరే నిబంధనల కింద నిషేధమే. పార్కు ఆఫీసులు, విజిటర్ సెంటర్లు ఫెడరల్ భవనాలు కాబట్టి వాటిలోకి గన్నుతో పోకూడదు. ప్రాణం పోయే పరిస్థితిలో కాల్చినా, తర్వాత విచారణ ఉంటుంది. అలాస్కాలో అయితే ఆత్మరక్షణకి చంపిన ఎలుగు చర్మం, పుర్రె ప్రభుత్వానికి అప్పగించాలి.

ఇక ఏ గన్ను? 10 ఎంఎం పిస్టల్లో బరువైన తూటా శక్తి సుమారు 900 జౌల్స్, .44 మ్యాగ్నమ్ రివాల్వర్‌లో 1,300 దాకా ఉంటుంది. మ్యాగ్నమ్ బలమైంది. కానీ దెబ్బకి చెయ్యి పైకి లేస్తుంది, రెండో గుండు గురి కుదరదు. 10 ఎంఎం గ్లాక్ 20లో 15 గుండ్లు పడతాయి, రివాల్వర్లో సాధారణంగా ఆరే. తూటా కూడా మామూలు హాలో పాయింట్ కాకుండా, లోతుగా దిగే గట్టి సీసపు తూటా వాడమంటారు, ఎందుకంటే ఎలుగుకి మందమైన కొవ్వు, దాని కింద పెద్ద ఎముకలు. నా మాటేంటంటే, నువ్వు వందసార్లు కాల్చి అలవాటైన గన్నే మంచి గన్ను. షాపులో అద్దాల వెనక మెరిసేది కాదు.

అసలు లెక్క ఇది. గ్రిజ్లీ గంటకి దాదాపు 56 కిలోమీటర్ల వేగంతో పరిగెత్తగలదు. అంటే సెకనుకి 15 మీటర్లకి పైనే. పొదలోంచి 30 మీటర్ల దూరంలో లేస్తే నీకుండేది రెండు సెకన్లు. బ్యాగు జిప్పు తియ్యడానికే నాలుగు సెకన్లు పడుతుంది. (నేను మా ఇంట్లో ఫోన్ టైమర్ పెట్టి చూశా. అమ్మ చూసి "పిచ్చి పట్టిందా" అంది.) అందుకే గన్ను మోసేవాళ్లు ఛాతీ మీద హోల్‌స్టర్ కట్టుకుంటారు, నడుము దగ్గరైతే బ్యాగు బెల్టు అడ్డం వస్తుంది. ట్రిగ్గర్ పూర్తిగా మూసుకుపోయే హోల్‌స్టర్ కావాలి. పక్కన ఐదేళ్ల పిల్ల ఉన్నప్పుడు, కారులో, గుడారంలో ఆ గన్ను ఎక్కడుందో ప్రతి క్షణం తెలియాలి. ఎలుగు కన్నా ఆ భయమే నాకు ఎక్కువనిపించింది.

అందుకే బావకి నేను చెప్పింది బేర్ స్ప్రే. మన గుంటూరు మిర్చి ఘాటు ఉంది చూశారా, ఆ ఘాటునిచ్చే క్యాప్సైసిన్, దాని జాతి పదార్థాలు కలిపి 1 నుంచి 2 శాతం ఉండే డబ్బా. నొక్కితే ఏడెనిమిది మీటర్ల దూరం మబ్బులా వెళ్తుంది. ఎలుగు కళ్లు, ముక్కు, ఊపిరితిత్తులు మండిపోతాయి. చావదు, వెళ్లిపోతుంది. మబ్బు కాబట్టి గురి కాస్త తప్పినా పనిచేస్తుంది. వీసా సమస్య లేదు.

టామ్ స్మిత్, స్టీఫెన్ హెర్రెరో బృందం అలాస్కా ఘటనలు కూర్చి 2008లో రాసిన పేపర్ ప్రకారం, స్ప్రే గోధుమ ఎలుగుల్ని 92 శాతం సార్లు ఆపింది. దగ్గరి నుంచి స్ప్రే వాడినవాళ్లలో 98 శాతం మందికి గాయాల్లేవు. 2012లో తుపాకుల మీద 269 ఘటనలు చూస్తే పిస్టళ్లు 84 శాతం, పొడవాటి తుపాకులు 76 శాతం సార్లు ఫలించాయి. యూట్యూబ్‌లో ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి కొట్టుకుంటుంటారు. అది తప్పు. స్ప్రే ఘటనల్లో మీదికి దూకుతున్న ఎలుగులే కాదు, వాసన చూస్తూ తిరిగేవి కూడా చాలా ఉన్నాయి. నేను దీన్నుంచి తీసుకున్నది ఇంతే: స్ప్రే బొమ్మ కాదు, గన్ను మంత్రం కాదు.

స్ప్రేకి లోపాలున్నాయి. ఎదురుగాలి వీస్తే నీ కళ్లలోనే పడుతుంది. గడువు తేదీ ఉంటుంది. విమానంలో చేతి బ్యాగులోనూ, చెకిన్‌లోనూ ఒప్పుకోరు, అక్కడికి పోయాకే కొనాలి. యోసెమిటీ పార్కులో అసలు నిషేధం. ఇంకోటి, దోమల మందులా గుడారం మీద చల్లుకునేవాళ్లుంటారు. చెయ్యకండి, ఎండిపోయిన ఆ వాసనకి ఎలుగులు దగ్గరికొస్తాయి. డబ్బా నడుముకి ఉండాలి, బ్యాగులో కాదు. ఆ రెండు సెకన్ల లెక్క దీనికీ వర్తిస్తుంది.

"మన దగ్గర ఎలుగులుంటే?" అని అడగబోతున్నారు. ఉన్నాయి. మా నెల్లూరు జిల్లాలోనే, పెంచలకోన చుట్టూ ఉన్న పెనుశిల నరసింహ అభయారణ్యంలో ఉన్నాయి. ఇక్కడ గన్ను మాటే లేదు. ఆయుధాల చట్టం కింద లైసెన్సున్న సామాన్యుడికి దొరికేది ఎక్కువగా .32 రివాల్వర్. 2014లో కాన్పూర్ ఫ్యాక్టరీ తెచ్చిన 'నిర్భీక్' కూడా .32నే. 9 ఎంఎం, .38 నిషిద్ధ బోర్లు. .32 శక్తి 150 జౌల్స్ చుట్టుపక్కల, అంటే 10 ఎంఎంలో ఆరో వంతు. దాంతో ఎలుగుని గాయపరిచి ఇంకా కోపం తెప్పిస్తావు. పైగా అభయారణ్యంలోకి అనుమతి లేకుండా ఆయుధంతో పోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. అదే చట్టంలో సెక్షన్ 11 ఆత్మరక్షణ కోసం సదుద్దేశంతో చంపితే నేరం కాదంటుంది, కానీ ఆ సమయంలో నువ్వే చట్టం ఉల్లంఘిస్తూ ఉంటే ఆ రక్షణ లేదు.

2022 జూన్‌లో శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు ఒక రైతుని చంపి, తర్వాత మరికొందరిని గాయపరిచింది. మత్తుమందు పెట్టి పట్టుకున్నారు, ఆ తర్వాత అదీ చచ్చిపోయింది. జీడితోటలకి పనికి పోయేవాళ్లకి ఇది ట్రిప్పు కాదు, రోజూ బతుకు. మన ఎలుగుకి చూపు, వినికిడి అంత బాగుండవు, చెదపుట్ట తవ్వుకుంటూ నిన్ను గమనించదు. దగ్గరికి పోయాక ఉలిక్కిపడి మీద పడుతుంది, ముఖం మీదే. కాబట్టి తెల్లవారుజామున, పొద్దుగూకే వేళ ఒంటరిగా పోకుండా, గట్టిగా మాట్లాడుకుంటూ గుంపుగా పోవడమే మేలు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో చిరుత ఒక పాపని చంపాక టీటీడీ భక్తులకి కర్రలిచ్చింది. అందరూ నవ్వారు. నేను పెద్దగా నవ్వలేను, కర్ర నేలకేసి కొట్టుకుంటూ పోతే వచ్చే చప్పుడుకి విలువుంది.

బావకి కూడా చివరికి అదే చెప్పా. గంటలు కట్టుకోవద్దు, వాటి చప్పుడు దూరం పోదు. తెలుగులోనే అరుచుకుంటూ నడవండి, పాపని మధ్యలో పెట్టుకోండి, ఎలుగు కనపడితే 100 గజాల దూరం తగ్గనివ్వొద్దు, పరిగెత్తొద్దు. గ్రిజ్లీ మీద పడితే బోర్లా పడుకుని మెడ వెనక చేతులు పెట్టుకోవాలి, నల్ల ఎలుగు అయితే తిరగబడాలి.

నిన్న ఫోటో పెట్టాడు. అపార్ట్‌మెంట్ వెనక పార్కింగ్‌లో, ఘాటు లేని ప్రాక్టీసు డబ్బాతో అక్క, బావ ఇద్దరూ స్ప్రే కొడుతున్నారు. అక్క డబ్బా బయటికి తీసింది 1.8 సెకన్లలో. బావకి మూడు.