అచ్చుకు ముందు ఒక ఉత్తరం

పాఠ్యభాగ ఉద్దేశం

తెలుగు రచయిత తన రచనను సాధారణంగా పత్రికా సంపాదకునికో, ప్రచురణకర్తకో నేరుగా పంపుతాడు. ఇంగ్లండు, అమెరికా దేశాలలో పద్ధతి వేరు. అక్కడ రచయితకూ పెద్ద ప్రచురణ సంస్థకూ నడుమ సాహిత్య ఏజెంటు ఉంటాడు. ఆ ఏజెంటుకు రచయిత రాసే తొలి లేఖ స్వరూపాన్నీ, మర్యాదలనూ, ఆ మార్గంలోని కష్టాలనూ, ప్రమాదాలనూ విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

గ్రంథం రాయడం ఒక కష్టమైతే, దానిని తగినవారి చేతికి చేర్చడం మరొక కష్టం. ఈ రెండవ కష్టం నేడు కొత్తగా పుట్టినది కాదు. ప్రాచీనాంధ్ర కవులకు కూడ ఇది తప్పలేదు. శ్రీనాథుడు శృంగార నైషధాన్ని మామిడి సింగనామాత్యునికీ, హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికీ అంకితమిచ్చాడు. ఒకరు మంత్రి, మరొకరు వర్తకుడు. కృతిని స్వీకరించిన కృతిభర్త కవిని ఆదరించేవాడు. పోతన మాత్రం తన భాగవతాన్ని నరులకు గాక శ్రీరామునికే సమర్పించాడు. కావ్యారంభంలో ఉండే అవతారికలో కవి తన వంశాన్నీ, కృతిభర్త గుణగణాలనూ, తాను రాయబూనిన కావ్య విషయాన్నీ పరిచయం చేసేవాడు. రాజులు, రాజ్యాలు పోయాయి. అయినా, "నేను ఎవరిని, నా కృతి ఏమిటి, దీనిని మీకే ఎందుకు సమర్పిస్తున్నాను" అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పవలసిన అవసరం రచయితకు తీరలేదు. ఆంగ్ల సాహిత్య లోకంలో నేడు ఆ పని చేసేది ఒక చిన్న ఉత్తరం. దానిని వారు 'క్వెరీ లెటర్' అంటారు. తెలుగులో అభ్యర్థన లేఖ అని చెప్పుకోవచ్చు.

ఏజెంటు ఎవరు?

పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధంలో ఇంగ్లండులో చదువరుల సంఖ్య విశేషంగా పెరిగింది. పత్రికలు, ధారావాహిక నవలలు, చౌక ముద్రణలు విస్తరించాయి. ఒకే రచనకు అనేక విధాల హక్కులు ఏర్పడ్డాయి. వాటి విలువ ప్రచురణకర్తకు తెలిసినంతగా రచయితకు తెలిసేది కాదు. ఈ లోటును గుర్తించిన అలెగ్జాండర్ పొలాక్ వాట్ అనే స్కాట్లండు దేశస్థుడు 1875 ప్రాంతంలో లండన్‌లో రచయితల పక్షాన బేరసారాలు నడపడం వృత్తిగా చేపట్టాడు. రచయితకు వచ్చిన సొమ్ములో నూటికి పది వంతులు ఆయన ప్రతిఫలం. థామస్ హార్డీ, రుడ్యార్డ్ కిప్లింగ్, ఆర్థర్ కానన్ డాయల్ వంటివారు ఆయన సేవలను వినియోగించుకున్నారు. విలియం హైన్‌మన్ వంటి ప్రచురణకర్తలు ఈ కొత్త మధ్యవర్తిని తీవ్రంగా నిరసించారు. అయినా ఆ వృత్తి నిలిచింది, పెరిగింది. నేడు ఇంగ్లండు, అమెరికాలలోని పెద్ద ప్రచురణ సంస్థలు చాలావరకు ఏజెంటు ద్వారా వచ్చిన వ్రాతప్రతులనే పరిశీలిస్తాయి.

ఏజెంటు పని కేవలం సిఫారసు చేయడం కాదు. వ్రాతప్రతిని చదివి సవరణలు సూచించడం, ఏ సంపాదకునికి ఏ రచన నచ్చుతుందో ఎరిగి పంపడం, ఒప్పందంలోని ప్రతి నిబంధననూ పరిశీలించడం, అనువాద, చలనచిత్ర, శ్రవణ గ్రంథ హక్కులను విడివిడిగా అమ్మడం, రావలసిన సొమ్ము సకాలంలో వచ్చేట్లు చూడడం – ఇవన్నీ ఆ బాధ్యతలే. ప్రస్తుతం స్వదేశీ హక్కులపై సాధారణంగా నూటికి పదిహేను, విదేశీ హక్కులపై నూటికి ఇరవై వంతులు ఏజెంటుకు చెందుతాయి. ఉదాహరణకు, ఒక నవలకు పదివేల పౌన్ల ముందస్తు పారితోషికం లభిస్తే అందులో పదిహేను వందలు ఏజెంటుకూ, ఎనిమిది వేల అయిదు వందలు రచయితకూ దక్కుతాయి. పుస్తకం అమ్ముడుపోకపోతే ఏజెంటుకు ఏమీ దక్కదు. అందుకే ఏజెంటు తనకు నమ్మకం కుదిరిన రచననే చేపడతాడు. అతని దృష్టికి వచ్చే వందలాది లేఖలలో ఎన్నుకొనేవి బహు కొద్ది.

లేఖ స్వరూపం

అభ్యర్థన లేఖ ఒక పుటకు మించరాదు. మూడు నాలుగు వందల మాటలలో ముగియాలి. అనేక సంవత్సరాల శ్రమను ఒక్క పుటలో చెప్పడమే ఇందులోని క్లేశం. లేఖలో నాలుగు అంశాలుండాలి.

మొదటిది సంబోధన. "అయ్యా" లేక "అమ్మా" అని ఊరూ పేరూ లేని సంబోధనతో అనేకులకు ఒకే ఉత్తరం పంపడం తగదు. ఆ ఏజెంటు పేరు తప్పు లేకుండా రాసి, వారినే ఎందుకు ఎన్నుకున్నదీ ఒక వాక్యంలో చెప్పాలి. వారు ప్రాతినిధ్యం వహించిన ఒక పుస్తకాన్ని నిజంగా చదివి ఉంటే ఆ మాట చెప్పవచ్చు. చదవకుండా పొగడడం వ్యర్థం. కృతిభర్తను వేనోళ్ల కీర్తించడం అవతారికకు అలంకారం కావచ్చునేమో గాని, ఇక్కడ అది దోషం.

రెండవది పుస్తకం గుర్తులు. పేరు, ప్రక్రియ, మాటల సంఖ్య చెప్పాలి. పెద్దల కోసం రాసిన తొలి నవల ఎనభై వేల నుండి లక్ష మాటల వరకు ఉండడం వాడుక. తొలి నవల పూర్తి అయిన తరువాతనే లేఖ రాయాలి. నవలేతర గ్రంథమైతే పూర్తి ప్రతి లేకున్నా ప్రణాళికతో, నమూనా అధ్యాయాలతో పంపవచ్చు. ఇటీవలి అయిదేళ్లలో వెలువడిన రెండు మూడు సదృశ గ్రంథాల పేర్లు చెబితే పాఠకులెవరో ఏజెంటుకు బోధపడుతుంది.

మూడవది కథాపరిచయం. లేఖకు ప్రాణం ఇదే. ఎక్కువమంది ఇక్కడే పొరపడతారు. సిరిసిల్ల మరమగ్గాల నేపథ్యంలో ఒకరు నవల రాశారనుకుందాం. "ఇది ప్రేమ, ద్వేషం, ఆశ, నిరాశల సంగమం, మానవ జీవితానికి దర్పణం" అని రాస్తే ఆ మాటలు ఏ నవలకైనా సరిపోతాయి. వాటివలన ఏజెంటుకు ఏమీ తెలియదు. "తండ్రి చేసిన అప్పుకు పద్దెనిమిదేళ్ల కూతురు హామీ సంతకం పెట్టింది. పట్నంలో కళాశాల సీటు వచ్చింది. ఆమె చదువుకోవాలంటే ఇంట్లో మిగిలిన ఒక్క మగ్గాన్నీ అమ్మాలి. మగ్గం పోతే తండ్రి బ్రతకడని ఆమెకు తెలుసు" అని రాస్తే కథ కళ్లకు కడుతుంది. ఎవరు, ఏమి కోరుతున్నారు, ఏది అడ్డుపడుతున్నది, కోరిక తీరకపోతే ఏమి కోల్పోతారు – ఈ నాలుగు విషయాలూ తెలిస్తే చాలు. ముగింపును లేఖలో చెప్పనవసరం లేదు. ఏజెంటు కథాసంగ్రహాన్ని వేరుగా కోరితే మాత్రం అందులో ముగింపును దాచరాదు.

నాలుగవది రచయిత పరిచయం. ప్రచురితమైన కథలు, పొందిన బహుమతులు ఉంటే చెప్పాలి. లేకపోతే లేవని దిగులుపడనక్కరలేదు; ఆ ప్రస్తావన మానివేస్తే సరిపోతుంది. రచనా విషయంతో జీవితానుబంధం ఉంటే అది గొప్ప అర్హతే. మరమగ్గాల నడుమ పెరిగినవారు ఆ మాట ఒక వాక్యంలో చెప్పుకోవాలి. "మా బంధువులందరూ మెచ్చుకున్నారు", "లక్షల ప్రతులు అమ్ముడుపోతాయి" వంటి మాటలు లేఖ గౌరవాన్ని తగ్గిస్తాయి.

పంపే విధానం

ప్రతి ఏజెంటూ తనకు ఏమి పంపాలో నియమాలు ప్రకటిస్తారు. ఇంగ్లండులో లేఖతోపాటు కథాసంగ్రహాన్నీ, మొదటి మూడు అధ్యాయాలనూ కోరడం పరిపాటి. అమెరికాలో కొందరు లేఖ మాత్రమే, కొందరు లేఖతో మొదటి కొన్ని పుటలు కోరుతారు. కృత్రిమ మేధతో రాసిన రచనలను స్వీకరించబోమని ఇటీవల అనేకులు నియమం పెట్టారు. నియమాన్ని అతిక్రమించిన లేఖను చదవకుండానే పక్కన పెట్టే అవకాశం ఉంది.

లేఖలన్నింటినీ ఒకేసారి వందమందికి పంపడం వివేకం కాదు. ఆరేడుగురికి పంపి, ఫలితం చూసి, లోపముంటే దిద్ది, తరువాతి ఆరేడుగురికి పంపాలి. ఎవరికి ఏ తేదీన పంపినదీ ఒక పట్టికలో రాసుకోవాలి. సమాధానానికి ఆరు నుండి పన్నెండు వారాలు పట్టడం సహజం. కొందరు సమాధానమే ఇవ్వరు. వారి విషయంలో మౌనమే తిరస్కారమని గ్రహించాలి. లేఖలన్నింటికీ తిరస్కారమే వస్తే లేఖలోనో, మొదటి పుటలలోనో లోపం వెతకాలి. పూర్తి ప్రతిని అడిగి చదివిన తరువాత వరుసగా కాదంటే లోపం నవలలోనే ఉన్నదేమో ఆలోచించాలి.

తిరస్కారం – నిరీక్షణ

ఎడింబరోలో నివసిస్తూ హారీపాటర్ తొలి నవలను 1995లో పూర్తిచేసిన జె. కె. రౌలింగ్ మొదట ఒక ఏజెంటుకు పంపగా అది తిరిగివచ్చింది. రెండవ ప్రయత్నంలో క్రిస్టఫర్ లిటిల్ సంస్థ స్వీకరించింది. బాలల పుస్తకాలపై ఆ సంస్థకు అంత ఆసక్తి లేకున్నా, తిప్పిపంపవలసిన కట్టలో ఉన్న ఆ ప్రతి అక్కడి ఉద్యోగిని ఒకరి కంటబడింది. ఆ తరువాత కూడ పన్నెండు ప్రచురణ సంస్థలు కాదన్నాయి. చివరకు బ్లూమ్స్‌బరీ సంస్థ 1997 జూన్‌లో ప్రచురించింది. తొలి గట్టి అట్ట ముద్రణ అయిదు వందల ప్రతులు మాత్రమే.

అమెరికా రచయిత్రి కాథ్రిన్ స్టాకెట్ అయిదేళ్లు శ్రమించి 'ది హెల్ప్' అనే నవల రాసింది. మూడున్నరేళ్లలో అరవై తిరస్కారాలు వచ్చాయి. అరవై ఒకటవ లేఖకు అంగీకారం లభించింది. 2009లో వెలువడిన ఆ నవల విశేషాదరణ పొందింది. ఆమె ఆ కాలంలో ఎదురుచూస్తూ కూర్చోలేదు. ప్రతిని మళ్లీమళ్లీ దిద్దుకున్నది. ఇటువంటి ఉదంతాలు విని, పట్టుదల ఒక్కటే చాలునని భావించరాదు. ఇన్ని తిరస్కారాల తరువాత కూడ వెలుగు చూడని మంచి రచనలు ఉంటాయి. అయితే, ఒకరి తిరస్కారం రచన విలువపై తుది తీర్పు కాదన్న సత్యాన్ని ఇవి నిరూపిస్తాయి.

మన దేశంలో అరుంధతీరాయ్ ఉదాహరణ ప్రసిద్ధం. ఆమె తొలి నవల వ్రాతప్రతిని ఢిల్లీలో ప్రచురణ సంస్థలో పనిచేస్తున్న పంకజ్ మిశ్రా చదివి లండన్‌కు పంపాడు. దానిని చదివిన డేవిడ్ గాడ్విన్ అనే ఏజెంటు ఆమెను కలుసుకోవడానికి విమానంలో ఢిల్లీకి వచ్చాడు. ఆ నవల 1997లో బుకర్ బహుమతిని పొందింది.

జాగ్రత్తలు

ఆశ ఎక్కువైనచోట మోసానికి అవకాశం ఎక్కువ. "చదవడానికి రుసుము చెల్లించండి", "నమోదుకు ఇంత పంపండి" అని అడిగేవారు నిజమైన ఏజెంట్లు కారు. సొమ్ము ప్రచురణకర్త నుండి రచయిత వైపు ప్రవహించాలి గాని, రచయిత నుండి ఎదురు ప్రవహించరాదు. ఇంగ్లండు, అమెరికాలలోని ఏజెంట్ల సంఘాలు తమ సభ్యులు పఠన రుసుము తీసుకోరాదని నియమం విధించుకున్నాయి. ప్రసిద్ధ ఏజెంట్ల పేర్లతో దొంగ ఉత్తరాలు రావడం కూడ ఇటీవల పెరిగింది. రచయిత అడగకుండానే వచ్చిన పొగడ్తను అనుమానించి, ఆ సంస్థ అధికారిక చిరునామాకు రాసి నిర్ధారించుకోవాలి.

ఒక ఏజెంటు అంగీకరించినా తొందరపడి సంతకం చేయరాదు. ప్రతిని ఇంకా చదువుతున్న ఇతర ఏజెంట్లకు తెలిపి, వారం నుండి రెండు వారాల గడువు కోరడం మర్యాదే. ప్రతిఫలం ఎంత, ఏయే హక్కులకు ప్రాతినిధ్యం వర్తిస్తుంది, ఒప్పందం నుండి వైదొలగాలంటే ఎంత ముందుగా తెలపాలి – ఇవి చదివి తెలుసుకోవాలి.

ముగింపు

తెలుగునాట 1924లో ఆరంభమైన 'భారతి' వంటి పత్రికలు, వాటి సంపాదకులు రచయితను పాఠకులకు పరిచయం చేశారు. పాలగుమ్మి పద్మరాజు 'గాలివాన' 1952లో ప్రపంచ కథల పోటీలో ద్వితీయ బహుమతి గెలిచి తెలుగు కథ ఎల్లలు దాటగలదని చాటింది. నేడు తెలుగు రచనలు ఆంగ్లంలోకి అనువాదమవుతున్నాయి. ప్రవాసంలో పెరిగిన తెలుగువారు ఆంగ్లంలోనే రాస్తున్నారు. అటువంటివారికి ఈ లేఖతో పని పడుతుంది. తక్కినవారికి సైతం ఇందులో నేర్వదగినది ఉన్నది. తన రచన దేనిని గురించినదో నాలుగు వాక్యాలలో చెప్పలేని రచయిత, ఆ సంగతి తనకే పూర్తిగా తెలిసినదో లేదో ఒకసారి పరీక్షించుకోవాలి. లేఖ రాయబోయి నవలలోని లోపాన్ని కనుగొన్నవారికి ఆ లేఖ ఏ ఏజెంటుకూ చేరకపోయినా సార్థకమే.

అర్థాలు

కృతిభర్త = కావ్యాన్ని అంకితం పుచ్చుకున్నవాడు
అవతారిక = కావ్య పీఠిక
క్లేశం = కష్టం
సదృశం = పోలినది
పరిపాటి = వాడుక, అలవాటు
ఉదంతం = వృత్తాంతం

ప్రశ్నలు

1. సాహిత్య ఏజెంటు వృత్తి ఏ పరిస్థితులలో ఆవిర్భవించింది?
2. అభ్యర్థన లేఖలో ఉండవలసిన నాలుగు అంశాలను వివరించండి.
3. అవతారికకూ అభ్యర్థన లేఖకూ గల పోలికను, భేదాన్ని తెలపండి.
4. నిజమైన ఏజెంటును రచయిత ఎట్లా గుర్తించాలి?
5. మీరు చదివిన ఒక తెలుగు నవలను నాలుగు వాక్యాలలో పరిచయం చేయండి.