‘నాకేం జబ్బు లేదండీ’

ఒక పాఠకురాలు రాశారు: “ఇంటికొచ్చిన సర్వేవాళ్ళతో మా అత్తగారు బీపీ లేదన్నారు. ఆ తర్వాత పరీక్ష చేయిస్తే ఉందని తేలింది. ఇలాంటి జవాబులతో కట్టే లెక్కలకు విలువేముంది?”

ఎంత చక్కటి ప్రశ్న! 45 ఏళ్ళు దాటినవారి మీద మన దేశంలో జరిగిన పెద్ద సర్వే ‘లాసీ’. 2017–18లో మొదటి విడతలోనే 72 వేల మందికి పైగా పలకరించింది. అందులో అడిగేది “మీకు బీపీ ఉందా?” అని కాదు, “ఉందని డాక్టరుగానీ వైద్య సిబ్బందిగానీ ఎప్పుడైనా చెప్పారా?” అని. కిటుకంతా ఇక్కడే ఉంది. అత్తగారు అబద్ధమాడలేదు, మరిచిపోనూలేదు. ఆవిడకు ఎవరూ చెప్పలేదు, అంతే. బీపీ చాలామందిలో ఏ బాధా పెట్టదు. చేతికి పట్టీ చుట్టి చూస్తేగానీ బయటపడదు.

అందుకే ‘ఉంది’ అన్న జవాబును చాలావరకు నమ్మొచ్చు. రోజూ మాత్ర మింగే మనిషి ఊరికే అనరు కదా. చిక్కంతా ‘లేదు’తోనే. పరీక్షలో లేదని తేలినవారూ, అసలు పరీక్షే ఎరగనివారూ అందులో కలిసిపోతారు. డాక్టరు దూరమైన పల్లెలో, చేతిలో డబ్బాడని ఇంట్లో ఈ రెండోరకం ‘లేదు’లే ఎక్కువ.

2002లో ఆర్థికవేత్త అమర్త్య సేన్ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో దీన్నే ఎత్తిచూపారు. జబ్బు ఉందని చెప్పుకునేవారు బీహార్లో తక్కువ, కేరళలో ఎక్కువ, అమెరికాలో ఇంకా ఎక్కువ. ఆయుర్దాయం చూస్తే కేరళ బీహారుకన్నా ఎంతో ముందుంది! జనం చెప్పిన జబ్బులను బట్టే రాష్ట్రాల ఆరోగ్యానికి మార్కులు వేసినవాళ్ళు లెక్కను తలకిందులుగా చదివారన్నమాట.

బీపీలా దాక్కోని కీళ్ళవాతం సంగతి వేరు. నొప్పి ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది, కానీ అది ఏ రకం వాతమో చెప్పడంలో తప్పులు దొర్లుతాయి.

లాసీలో నాకు బాగా నచ్చింది, జవాబు రాసుకుని ఊరుకోకపోవడం. బీపీని మూడుసార్లు కొలిచారు. నోటిమాటనూ కొలతనూ పక్కపక్కన పెడితే, ‘లేదు’ అన్నా 140/90 దాటినవారు విడిగా కనిపిస్తారు. వైద్యం ఎవరికి అందలేదో చెప్పే జాబితా అది. పొరపాటు జవాబే ఇంత పనికొస్తుంటే, వార్తల్లో మాత్రం చెప్పిన అంకెనే జబ్బు అంకెగా వేసేస్తున్నారు. ఇది తప్పు.

మీ ఇంట్లో పెద్దవాళ్ళను “బీపీ ఉందా?” అని అడక్కండి. “చివరిసారి ఎప్పుడు చూపించుకున్నారు?” అని అడగండి.