జారని ముడి

వరద నీరు ఎర్రబడి సముద్రంలో కలిసే రోజుల్లో విలస గోదావరిలోకి ఎదురీదుతుంది. నదిలోకి వచ్చాక దాని పేరు పులస. యానాం, కోటిపల్లి దాటి ధవళేశ్వరం బ్యారేజీ దిగువ దాకా వచ్చే ఈ చేప కోసం నీళ్లలో నిలువుగా వల వేలాడదీస్తారు. చేప తల వల కన్నులో దూరుతుంది, ఒళ్లు దూరదు. వెనక్కి తగ్గబోతే మొప్పలు దారానికి తగులుకుంటాయి. కన్ను పెద్దదైతే చేప దాటిపోతుంది, చిన్నదైతే తలే పట్టక తిరిగిపోతుంది. ఆ కొలతంతా కన్ను మూలల్లో ఉన్న ముడుల మీద ఆధారపడి ఉంది. ఒక్క ముడి జారితే ఒక కన్ను సాగుతుంది, పక్క కన్ను కుంచించుకుపోతుంది. గాలం వేసేవాడికైతే ఉన్నదే ఒక్క ముడి. అది జారితే చేపా పోతుంది, గాలమూ పోతుంది.

చక్రం కంటే, కుమ్మరి సారె కంటే ముడి పాతది. 1913లో కరేలియా ప్రాంతంలోని అంత్రియా దగ్గర ఒక రైతు బురద నేల తవ్వుతుంటే పాత వల ఒకటి బయటపడింది. విల్లో చెట్టు నారతో అల్లిన వల అది. పైన బెరడు బెండ్లు, కింద రాతి బరువులు. వయసు పది వేల ఏళ్ల పైమాటే. మన గోదావరి వల పైనా బెండ్లే, కిందా బరువులే. అమరికలో మారిందేమీ లేదు.

చేతి అల్లికలో వాడే ముడి చూడ్డానికి చాలా చిన్నది. ఒక దారాన్ని చెవిలా మడుస్తారు. రెండో దారాన్ని ఆ చెవిలోంచి కింద నుంచి పైకి తెచ్చి, చెవి మెడ చుట్టూ తిప్పి, మళ్లీ తన కిందనుంచే దూర్చి లాగుతారు. మగ్గం మీద తెగిన పోగును అతకడానికి నేతగాళ్లు వేసేదీ ఇదే. చెయ్యి అలవాటు పడితే రెప్పపాటులో పడుతుంది. యంత్రానికి మాత్రం ఇది నేర్పడం మహా కష్టమైంది.

స్కాట్లండ్‌లోని మసెల్‌బరాలో జేమ్స్ ప్యాటర్సన్ అనే ఆయన ఉండేవాడు. మొదట పీపాలు చేసే పనివాడు, తర్వాత సైనికుడు. వాటర్లూ యుద్ధం తర్వాత ఇంటికి చేరి, 1820 ప్రాంతంలో వలలు అల్లే మగ్గం తయారుచేసి ఫ్యాక్టరీ పెట్టాడు. వలలైతే వచ్చాయి గానీ ముడులు జారాయి. ఆ యంత్రం వేసిన ముడి చేతి ముడి లాంటిది కాదు. అదే ఊరివాడు వాల్టర్ రిచీ, యంత్రం మీద అచ్చంగా చేతి ముడే పడే పద్ధతి కనిపెట్టి 1835లో పేటెంటు తీసుకున్నాడు. ఆ తర్వాతే యంత్రపు వలల పరిశ్రమ నిలదొక్కుకుంది. కొత్తగా గాలం కట్టేవాడికి ఈ కథ ధైర్యం ఇవ్వాలి. ముడి జారకుండా వేయడానికి ఒక ఫ్యాక్టరీకే పదిహేనేళ్లు పట్టింది.

ఇంతకీ ముడి ఎందుకు ఆగుతుంది? కోటిపల్లి రేవులో పంటును గట్టుకు కట్టే మోకును గుంజకు రెండు చుట్లు తిప్పి కొస పట్టుకుంటే చాలు, అంత బరువూ ఆగిపోతుంది. ఈ లెక్కను 18వ శతాబ్దంలో గణిత శాస్త్రజ్ఞుడు ఆయిలర్ తేల్చాడు. చుట్టు పెరిగిన కొద్దీ పట్టు కూడికలో కాదు, గుణకారంలో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకుందాం. ఒక చుట్టుకు పట్టు మూడున్నర రెట్లు, రెండు చుట్లకు 12 రెట్లు, మూడు చుట్లకు 43 రెట్లు. ముడిలో గుంజ ఉండదు, దారానికి దారమే గుంజ. లాగేకొద్దీ చుట్లు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, నొక్కుడుతో ఘర్షణ పెరుగుతుంది. చేప ఎంత గుంజితే ముడి అంత బిగుస్తుంది. బలమంతా దారానిదే అనుకుంటాం గానీ, దాన్ని నిలబెట్టేది రాపిడి.

అందుకే దారం మారినప్పుడల్లా ముడి కథ మళ్లీ మొదలవుతుంది. నూలూ జనపనారా గరుకుగా ఉంటాయి, తడిస్తే ఉబ్బి ఇంకా పట్టుకుంటాయి. వాటి బాధ వేరు. రోజూ ఆరబెట్టాలి, బెరడు కషాయంలో ముంచాలి, లేకపోతే కుళ్లిపోతాయి. 1935 ఫిబ్రవరి 28న అమెరికాలో డ్యూపాంట్ ప్రయోగశాలలో వాలెస్ కరోథర్స్ బృందం నైలాన్ తయారుచేసింది. 1938లో ఆ వార్త లోకానికి తెలిసేసరికి కరోథర్స్ బతికి లేడు. కుళ్లని, బలమైన, నీళ్లలో కంటికి ఆనని ఈ దారం 1950ల చివరినుంచి మన తీరానికీ వచ్చింది. 1957లో కొచ్చిలో మొదలైన కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఈ మార్పును ముందుకు నడిపించింది.

నైలాన్ ఒంటిపోగు గాజులా నునుపు. పై లెక్కలో 0.2 బదులు 0.1 పెట్టి చూడండి. మూడు చుట్ల పట్టు 43 నుంచి ఆరున్నరకు పడిపోతుంది. నూలుకు సరిపోయిన ముడి నైలాన్‌కు జారింది. మసెల్‌బరా సమస్యే మళ్లీ వచ్చింది. ఈసారి మందు రెండు రకాలు. మెడ చుట్టూ తిప్పే చుట్టును ఒకటికి రెండు చేశారు. అల్లిన వలను సాగదీసి వేడి తగిలించి ముడులను స్థిరపరిచారు.

గాలం కట్టేవాడి దగ్గర వేడి యంత్రం లేదు కాబట్టి చుట్లే దిక్కు. మొదట నేర్చుకోవాల్సింది ఒకే ఒక ముడి అని నా గట్టి అభిప్రాయం. దాన్ని క్లించ్ అంటారు. దారం కొసను గాలం తలకున్న కన్నంలోంచి దూర్చి, అసలు దారం చుట్టూ ఐదు చుట్లు తిప్పండి. కొసను వెనక్కి తెచ్చి, కన్నం పక్కనే మిగిలిన చిన్న సందులో దూర్చండి. ఆ దూర్చడంతో ఏర్పడిన పెద్ద ఉచ్చులోంచి మరోసారి దూర్చండి. ఇప్పుడు ముడిని తడపండి. ఇది ఆచారం కాదు. పొడి నైలాన్‌ను గబుక్కున లాగితే రాపిడి వేడికి పైపొర దెబ్బతింటుంది, దారం అక్కడే తెగుతుంది. తడిపి నెమ్మదిగా లాగితే చుట్లు ఒకదాని పక్కన ఒకటి వరసగా కూర్చుంటాయి. ఒక చుట్టు మరోదాని మీదికి ఎక్కిందంటే ముడి విప్పి మళ్లీ వేయాల్సిందే. కొస రెండు మూడు మిల్లీమీటర్లు మిగిల్చి కోయండి.

దారం లావైతే చుట్లు తగ్గించాలి, లేకపోతే ముడి సరిగా బిగుసుకోదు. ఇప్పుడు దొరికే జడలా అల్లిన పాలిథిలీన్ దారం నైలాన్ కంటే జారుడు. దానికి పాలోమార్ ముడి మేలు. దారాన్ని జంటగా కన్నంలో దూర్చి, మామూలు ముడి వదులుగా వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలాన్నే దాటించి, తడిపి బిగించాలి.

ఎంత మంచి ముడైనా దారం బలాన్ని కొంత తింటుంది. వంపు దగ్గర దారం బయటి వైపు సాగుతుంది, లోపలి వైపు నలుగుతుంది. అందుకే తెగేది సాధారణంగా ముడి మొదట్లోనే. ఏ కళా లేని మామూలు ముడి ఒకటి పడితే నైలాన్ బలం సుమారు సగానికి పడిపోవచ్చు. దారంలో తెలియకుండా పడ్డ చిక్కుముడిని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. 2020 జనవరిలో ఎంఐటీ శాస్త్రవేత్తలు, బిగువును బట్టి రంగు మారే పోగులతో ముడులు వేసి చూపించారు. పోగులు ఎన్నిసార్లు ఒకదాన్నొకటి దాటుతున్నాయి, పక్కపక్క పోగుల మెలికలు ఎదురెదురుగా తిరుగుతున్నాయా అన్నదాన్ని బట్టి ఏ ముడి గట్టిదో చెప్పొచ్చని తేల్చారు. ఎదురెదురు మెలికలు ఒకదాన్నొకటి ఆపుతాయి. ఒకే వైపు తిరిగేవి కలిసి దొర్లిపోతాయి.

వేసిన ముడిని నీళ్లలో దించకముందే పరీక్షించండి. గాలాన్ని మేకుకు తగిలించి, దారాన్ని గుడ్డ చుట్టిన చేత్తో సాగదీయండి. ఉత్త చేతికి చుట్టుకుంటే తెగేది చెయ్యి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు సముద్రంలో వేట నిషేధం. ఆ రోజుల్లో ఉప్పాడ, అంతర్వేది తీరాల్లో వలలు బాగుచేసుకునేవాళ్ల పక్కన కాసేపు కూర్చోండి. పుస్తకంలో బొమ్మ చూపలేని వేళ్ల కదలిక అక్కడ కనిపిస్తుంది. కోసేసిన దారపు ముక్కల్ని మాత్రం నీళ్లలోకి విసరకండి, జేబులో వేసుకుని తీసుకెళ్లండి. నూలు ముక్క కుళ్లి కలిసిపోయేది. నైలాన్ ముక్క ఏళ్ల తరబడి అలాగే ఉంటుంది. కాకినాడ ఎదుట హోప్ ఐలాండ్‌లో గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వచ్చేది ఈ నీళ్లలోంచే.