ఇతరులకు తీర్పు తీర్చుటను గూర్చి

తోటివాని తప్పును ఎవరైనను ఎత్తిచూపిన తోడనే, తీర్పు తీర్చరాదని వేదములో లేదా యను ప్రశ్న మన బాలబాలికల నోట వచ్చుచుండును. ఆ యాజ్ఞ మత్తయి సువార్త 7వ అధ్యాయము మొదటనే యున్నది. అయితే యోహాను సువార్త 7వ అధ్యాయము 24వ వచనమున ఆ ప్రభువే, పైరూపమును బట్టి గాక న్యాయమును బట్టి తీర్పు తీర్చవలెనని బోధించుచున్నాడు. ఈ రెంటిని మేమెట్లు గ్రహించుచున్నామో కొంచెము వివరింపగోరుచున్నాము.

గ్రీకు మూలములో రెండుచోట్లను క్రీనో యను క్రియయే యున్నది. వేరుపరచుట, విమర్శించి నిర్ణయించుట, న్యాయసభలో తీర్పు చెప్పుట, దోషియని శిక్షకు అప్పగించుట, ఇన్ని యర్థములు ఆ యొక్క మాటలో ఇమిడియున్నవి. తెలుగున మనకు న్యాయాధిపతి పీఠమే ముందు తోచును. కాని పదార్థ మొక్కటే యీ చిక్కును విప్పజాలదు; సందర్భమును చూడవలెను.

యోహాను సువార్తలోని సందర్భ మిది. 38 ఏండ్లు వ్యాధిగ్రస్తుడైన యొకనిని యేసు విశ్రాంతిదినమున స్వస్థపరచెను. అందుకు కొందరు కోపించిరి. ఆ దినముననే వారు సున్నతి చేయుదురు గదా. ఒక మనుష్యుని సంపూర్ణముగా బాగుచేయుట మాత్రము ఎట్లు నేరమగునని ఆయన యడిగెను. తమకొక కొలత, పరునికొక కొలత యుండుటయే అచ్చటి దోషము. మత్తయి సువార్తలోను మాట కొలతను గూర్చియే గదా! అటుపిమ్మట దూలము, నలుసు వచ్చును. మార్కు 6వ అధ్యాయమున జనులు యేసును వడ్లవాడనిరి. దూలము బరువెంతయో ఎరిగినవాడే యీ యుపమానమును చెప్పెనని తలచినప్పుడు మాకు చిరునవ్వు కలుగును. నలుసును కంటిలోనే యుండనిమ్మని ఆయన చెప్పలేదు. దూలమును తీసివేసికొనిన పిమ్మట సోదరుని కంటిని బాగుచేయవచ్చునని చెప్పెను. కంటిని ముట్టువాని చేయి ఎంత మెత్తగా నుండవలెనో వేరుగా చెప్పనక్కరలేదు.

పౌలు పత్రికలలోను ఇట్టి భేదమే కనబడును. కూరగాయలే తినువానికిని అన్నియు తినువానికిని గల వివాదమున, ఒకరికొకరు తీర్పు తీర్చవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయమున వ్రాసెను. తన తండ్రి భార్యను ఉంచుకొనిన వాని విషయమునననో, సంఘమే తీర్పు తీర్చి వానిని వెలివేయవలెనని 1 కొరింథీయులకు 5వ అధ్యాయమున వ్రాసెను. భోజనము వేరు, పరునికి చేసిన కీడు వేరు.

ఈ భేదము వసతిగృహమునకును అవసరమైనదే. పెద్దవాడొకడు చిన్నవాని యన్నమును లాగికొనుచుండగా, తీర్పు తీర్చరాదని ఊరకుండుట వినయము కాదు. అది బలవంతుని పక్షమున నిలుచుటయే. ఒక రూపాయి పోయినప్పుడు చిరిగిన చొక్కా తొడిగినవానినే మొదట వెదకుటయో, పైరూపమును బట్టి తీర్చిన తీర్పు. లేవీయకాండము 19వ అధ్యాయము ఈ రెండు తప్పులను దగ్గరదగ్గరగానే ఎత్తినది: బీదవాడని గాని గొప్పవాడని గాని పక్షపాతము వలదు, కొండెములు చెప్పుచు తిరుగవలదు, పొరుగువాని ప్రాణమునకు అపాయము కలుగజేయవలదు, ద్వేషమును లోపల దాచుకొనక అతనిని గద్దింపవలెను. కొండెమునకును గద్దింపునకును గల యెడమును మా యుపాధ్యాయులలో సహితము అందరు ఎల్లప్పుడు పాటింతురని చెప్పజాలము.

గద్దించు క్రమము మత్తయి 18వ అధ్యాయమున నున్నది. మొదట ఒంటరిగా, పిమ్మట ఒకరిద్దరితో, తుదకు సంఘము నెదుట. అప్పటికిని విననివానిని అన్యునివలెను సుంకరివలెను ఎంచవలెను. ఈ కడపటి మాటను కొందరు బహిష్కారమనియు, మరికొందరు ఆ మనుష్యుని మరల మొదటినుండి పిలువవలెననియు వ్యాఖ్యానింతురు. ఆ సువార్తయే 9వ అధ్యాయమున, మెట్టునొద్ద కూర్చుండియున్న సుంకరియగు మత్తయిని యేసు పిలిచెననియు, సుంకరులతో కూడ భోజనమునకు కూర్చుండెననియు చెప్పుచున్నది.