రాతిసీమలో చిత్రవిద్యాభ్యాసము

అనంతపురము సీమలో చదువు నడుమ ఆగిపోవుట క్రొత్త సంగతి గాదు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన కురియు నేల యిది. ఆ కురియునదియైనను వేరుసెనగ ఊడలు దిగు దినములలో రాక, పంట పోయిన వెనుక వచ్చుట కద్దు. అట్టి యేట ఇంటిలో మొదట ఆగునది పిల్లవాని చదువు. ఆ చదువులో మొదట ఆగునది చిత్రలేఖనము. కుమారుడు లెక్కలు మానినచో తండ్రి కోపపడును; బొమ్మలు మానినచో వానికి బుద్ధి వచ్చినదని సంతోషించును.

పదునాలుగవ యేట అట్లు రంగులపెట్టె మూసిన బాలుడు, నలుబదియవ యేట ఒక పల్లెబడిలో ఉపాధ్యాయుడై, ఇద్దరు బిడ్డల తండ్రియై, మరల ఆ పెట్టెను తెరువదలచె ననుకొందము. అతనికి త్రోవ యేది? ఉద్యోగము మానుకొని నాలుగేండ్లు లలితకళల కళాశాలలో కూర్చుండుట కలలోని మాట. మిగిలినది ఇంటనుండి చదువుకొనుట.

తెలుగు పంతుళ్ళకు ఈ త్రోవ చిరపరిచితము. బడిలో పాఠములు చెప్పుచునే, రాత్రి దీపము ముందు కావ్యములు వల్లించి, విద్వాన్ పరీక్షను ప్రైవేటుగా నెగ్గినవారు ప్రతి జిల్లాలోను ఉండిరి. 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయము తపాలా ద్వారా పాఠములు పంపుట ప్రారంభించెను. 1972లో ఆంధ్ర విశ్వవిద్యాలయమును అట్టి శాఖను తెరచెను. 1982లో హైదరాబాదున వెలసిన సార్వత్రిక విశ్వవిద్యాలయము దేశమునకే మొదటిది. 1991 నుండి అది అంబేద్కరు పేరు ధరించినది. 1985లో ఏర్పడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయము 2007లో ప్రదర్శన కళలకును దృశ్యకళలకును ప్రత్యేక విభాగమును నెలకొల్పి, చిత్రలేఖనమున ధ్రువపత్రపు చదువును గూడ అందించెను. కనుక తలుపు మూసియున్నదని చెప్పరాదు. అయినను చరిత్రయు, అర్థశాస్త్రమును కాగితము మీద వచ్చినంత సులభముగా చిత్రవిద్య వచ్చునా యన్నదే ప్రశ్న.

ఇట్టి విద్యార్థుల ప్రస్తావన రాగానే ఏకలవ్యుని తలచుకొనుట మనకు అలవాటు. పోలిక బాగుగనే యున్నది గాని, పూర్తిగా అతుకదు. బాణము గురికి తగిలినదో లేదో బాణమే చెప్పును; గురువు మట్టిబొమ్మ యైనను నష్టము లేదు. గీతకు ఆ గుణము లేదు. తప్పిన గీత తాను తప్పితినని చెప్పదు. ముఖము వ్రాసి, ఎచ్చటనో లోపమున్నదని తెలిసియు, లోపము కంటిలోనున్నదా చెంపలోనున్నదా తెలియక, మూడు దినములు దానినే చెరిపి వ్రాయుచుండు విద్యార్థికి, వెనుకనుండి ఒక్కరు వచ్చి వ్రేలు పెట్టి చూపినచో నిమిషములో ముగియు పని. ఆ వ్రేలు తపాలాలో రాదు. నేడు చరవాణిలో బొమ్మను ఛాయాచిత్రముగా తీసి పంపవచ్చును. కాని అందు రంగు మారును; ఎన్నిమార్లు చెరిపినదో, ఎచ్చట చేయి వణకినదో సరిగా కానరాదు.

పెద్దవానికి మరియొక చిక్కు కలదు. అతని కన్ను నలుబది యేండ్లది; చేయి మాత్రము పదునాలుగేండ్లది. ఇన్నేండ్లుగా మంచి బొమ్మలు చూచి పండిన కన్ను, ఆగిన చోటనే నిలిచిపోయిన చేతిని చూచి సిగ్గుపడును. పిల్లవాడు వంకరగా గీసి నవ్వును. పెద్దవాడు కాగితమును చింపును. దూరవిద్యలో చేరినవారు నడుమ మానుటకు తీరికలేమి యొక్కటే కారణము గాదు. ఈ సిగ్గును ఒక కారణమే.

దూరమున నున్నవారికి చిత్రలేఖనము నేర్పుట ఎట్లని చాలకాలము క్రిందటనే ఆలోచించిన వాడొకడు కలడు. ఇంగ్లండులో జాన్ రస్కిన్ 1854 నుండి లండనులోని శ్రామికుల కళాశాలలో, పగలు కష్టించి సాయంకాలము వచ్చు పనివారికి ఈ విద్యను నేర్పెను. 1857లో చిత్రలేఖనపు మూలసూత్రములను గూర్చి ఆయన ప్రకటించిన గ్రంథము మూడు జాబుల రూపమున నున్నది. అందలి మొదటి అభ్యాసము, కలముతో సన్నని గీతలు గీసి ఒక చదరమును సమముగ నింపుట. పిదప వీధిలోనికి పోయి, మిక్కిలి తెలుపును నలుపును గాని గుండ్రని రాయి నొకదానిని తెచ్చి, వెలుతురులో పెట్టి, దాని గుండ్రదనము కాగితము మీద కనబడునంతవరకు గీయుమని ఆయన ఆదేశము. రాయి కదలదు, అలసిపోదు, కూలి అడుగదు. గుత్తి, పెనుగొండల గుట్టల నడుమ బ్రతుకువారికి ఇంతకంటె అనుకూలమైన పాఠ మేమున్నది? ఈ సీమలో నీటికి కరవు గాని రాతికి కరవు లేదు.

నీటి మాట వచ్చినది గనుక ఒక సంగతి. చల్లని ప్రదేశములందు వ్రాసిన పాఠము, నీటిరంగును కాగితము పొడవునను తీరికగా పరచుమని చెప్పును. ఇచ్చట ఏప్రిల్ మధ్యాహ్నమున కుంచె అవతలి అంచునకు చేరులోపల ఇవతలి అంచు ఎండి చార గట్టును. కాగితమును వెనుక తడిపికొని, సూర్యుడెక్కకముందే పని ముగింపవలయును. ఇది పుస్తకము నేర్పదు; ఎండ నేర్పును.

పుస్తకము నేర్పలేని తక్కిన భాగమునకు ఈ సీమలోనే రెండు చోట్లున్నవి. 2022లో జిల్లాను విభజించిన పిమ్మట రెండును శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినవి. మొదటిది లేపాక్షి. పదునారవ శతాబ్దిలో, అచ్యుతదేవరాయల కాలమున, విరూపణ్ణ కట్టించిన వీరభద్రాలయపు కప్పుల మీద పార్వతీ కల్యాణమును, కిరాతార్జునీయమును, వటపత్రశాయియు నున్నవి. రాతికి సున్నపు పూత వేసి, ఖనిజముల రంగులతో వ్రాసిన చిత్రములవి. ప్రక్కకు తిరిగిన ముఖములు, నిడుపైన కన్నులు, పొడవైన కుళ్ళాయిలు, చీరల మీది రకరకముల అల్లికలు. వీనికన్నిటికిని ప్రాణము రేఖయే. రంగు మాసిన చోట్ల సయితము రేఖ నిలిచి, భుజము ఎచ్చట మొదలై ఎట్లు తిరిగినదో చూపుచున్నది. మెడ నొచ్చునంతవరకు పైకి చూచి, ఆ ఒక్క భుజమును పదిమార్లు గీసినవానికి పాఠ్యగ్రంథములోని సగము మాటలు అర్థమగును.

రెండవది ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట. ఇచ్చటి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పలుచగా సిద్ధపరచి, రూపురేఖలు గీసి, ఉలితో సన్నని రంధ్రములు పొడిచి, రంగులు వేయుదురు. దీపము వెనుకనుండి వెలిగినపుడు ఆ రంధ్రములే నగలగును. ఈ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. ఇచ్చట విద్య తండ్రి చేతినుండి బిడ్డ చేతికి పోవును. నడుమ కాగితము లేదు. దూరవిద్యార్థికి లేని వ్రేలు ఇచ్చట ప్రతి యింటను కనబడును. ఒక పూట కూర్చుండి చూచుటకు ఏ విశ్వవిద్యాలయపు అనుమతియు అక్కరలేదు.

ఇక పట్టము మాట. ప్రభుత్వ పరీక్షల శాఖవారు నడుపు డ్రాయింగు లోయరు, హయ్యరు గ్రేడు పరీక్షలకు ఇంట అభ్యసించి కూర్చున్నవారు పలువురు కలరు. అవి నెగ్గినవారికి వేసవిలో 42 దినముల ఉపాధ్యాయ శిక్షణ కలదు. అందు ప్రవేశమునకు వయస్సు 45 ఏండ్లు మించరాదు. పదునాలుగవ యేట కరవు వలన మానినవాడు, బిడ్డల చదువులు ముగిసి, అప్పులు తీరి, తీరిక దొరకి రంగులపెట్టె తెరచునప్పటికి ఏబదియైన ఆశ్చర్యము లేదు. పరీక్షలకు మాత్రము అతడు కూర్చుండవచ్చును. వేసవి శిక్షణలో అతనికి చోటు లేదు గనుక, ఆ 42 దినములును లేపాక్షి మండపమున కప్పు క్రింద గడుపవచ్చును. అచ్చట వయస్సు అడుగువారు లేరు.